అరిగింది అంచు మాత్రమే
మద్దేడ్ కొలిమి దగ్గర నేర్చుకున్న మరమ్మతు శాస్త్రం

ఛత్తీస్‌గఢ్‌లోని జగదల్‌పూర్ నుంచి బీజాపూర్ మీదుగా భోపాలపట్నం వెళ్లే దారిలో మద్దేడ్ వస్తుంది. బస్తర్ ప్రాంతమే అయినా ఇక్కడ తెలుగు బాగా వినిపిస్తుంది. ఇంద్రావతి వెళ్లి గోదావరిలో కలిసే చోటు ఇక్కడికి ఎంతో దూరం కాదు. నది దాటితే అవతల తెలంగాణ పల్లెలు. అంగడి రోజున గోండి, హల్బీ, తెలుగు, హిందీ నాలుగూ ఒకే బేరంలో కలిసిపోతాయి.

ఆ అంగడికి కాస్త ఎడంగా, ఇప్పచెట్టు పక్కన తాటాకు పందిరి కింద ఒక కొలిమి ఉంది. నేను వెళ్లేసరికి ఒక పెద్దావిడ గొడ్డలి పట్టుకుని నిలబడి ఉంది.

"కాకా, ఇది ఇంక పనికొస్తదా? కొత్తది కొనుక్కోవాల్నా?"

కమ్మరి తాత గొడ్డలిని అటూ ఇటూ తిప్పి చూశాడు. అంచు మొద్దుబారి గుండ్రంగా అయింది, ఒక మూల విరిగి ఉంది.

"గొడ్డలికి ఏం కాలే. అంచే పోయింది. కూసో."

రెండు మాటల్లో తేల్చేశాడు. ఎమ్మెస్సీలో లోహాల గురించి ఒక పేపరంతా చదివిన నాకు ఆ మాట కొత్తగా తోచింది. ఒక వస్తువు "పాడైపోయింది" అన్నప్పుడు నిజంగా పాడయ్యేది ఎంత? మిగిలేది ఎంత? బాగు చేయడమంటే శాస్త్ర పరంగా ఏం చేయడం? ఆ గొడ్డలినే ఉదాహరణగా పెట్టుకుని చూద్దాం.

ఏం పోయింది, ఏం మిగిలింది?

గొడ్డలి బరువు సుమారు ఒక కిలో అనుకుందాం. ఏళ్ల తరబడి కట్టెలు కొట్టగా అరిగిపోయేది కొన్ని గ్రాములే. మిగతా ఇనుమంతా అలాగే ఉంది. కర్ర దూర్చే కన్ను, వెనుక దిమ్మ, రెండు చెంపల వాలు ఏవీ చెడలేదు. పోయింది ఒక ఆకారం, అంటే సన్నటి అంచు. దానితోపాటు ఆ అంచులో ఉండాల్సిన గట్టిదనం.

అంచు ఎందుకు అంత ముఖ్యం? పీడనమంటే బలాన్ని వైశాల్యంతో భాగిస్తే వచ్చేది. అదే దెబ్బ సన్నటి గీత మీద పడితే పీడనం విపరీతంగా పెరిగి కట్టె చీలుతుంది. అంచు గుండ్రంగా మారితే వైశాల్యం పెరుగుతుంది, పీడనం పడిపోతుంది, గొడ్డలి కట్టెను కొట్టి వెనక్కి ఎగురుతుంది. వాడే మనిషి అదే పనికి ఎక్కువ దెబ్బలు వేయాలి. తెల్లారి భుజం నొప్పి పుట్టించేది ఆ కొద్దిపాటి తేడానే.

కాబట్టి ఇక్కడ మరమ్మతు అంటే పోయిన పదార్థాన్ని మళ్లీ నింపడం కాదు. ఉన్న పదార్థాన్నే కాల్చి, సాగదీసి, దానికి మళ్లీ ఆకారం, గట్టిదనం ఇవ్వడం.

నీడలో ఎందుకు కాలుస్తారు?

కొలిమి మీద ఎండ పడకుండా తాత ఒక పాత గోనెపట్టా వేలాడదీశాడు. ఎండ వేడికి కాబోలు అనుకున్నాను. అడిగితే నవ్వాడు.

"ఎండల రంగు తెల్వది బిడ్డా."

ఆ గోనెపట్టా ఆయన ఉష్ణమాపకంలో ఒక భాగం! వేడెక్కిన ఏ ఘన పదార్థమైనా దాదాపు 525 డిగ్రీల సెల్సియస్ దగ్గర కంటికి కనిపించే మసక ఎరుపులో వెలగడం మొదలుపెడుతుంది. దీన్ని 1847లో జాన్ విలియం డ్రేపర్ గుర్తించాడు. ఆ పైన వేడి పెరిగే కొద్దీ రంగు మారుతుంది. 750 నుంచి 800 డిగ్రీల మధ్య పండు మిరప ఎరుపు, 900 దాటితే నారింజ, 1000 దాటాక పసుపు, ఇంకా పైకి పోతే తెలుపు. ఎండలో ఈ తేడాలు కంటికి ఆనవు. ఎర్రగా ఉండాల్సిన ఇనుము నల్లగా కనిపిస్తుంది, ఇంకా కాలలేదేమో అనుకుని మరింత కాల్చేస్తాం. అందుకే కొలిమి నీడలో ఉంటుంది.

తాత ముందు అంచును నారింజ రంగు వచ్చేదాకా కాల్చాడు. పటకారుతో దాగలి మీద పెట్టి సుత్తితో సాగదీశాడు. ఆ వేడిలో ఇనుము మెత్తగా ఉంటుంది కాబట్టి పగలకుండా సాగుతుంది. విరిగిన మూల నాలుగైదు దెబ్బల్లో సర్దుకుంది. తర్వాత ఆకురాయితో అంచు దిద్దాడు. ఆకారం తిరిగి వచ్చింది. గట్టిదనం ఇంకా రాలేదు.

నీళ్లలో ముంచితే ఏం జరుగుతుంది?

ఉక్కు అంటే ఇనుములో కొద్దిగా కార్బన్ కలిసిన లోహం. మామూలు మెత్తటి ఇనుప చువ్వలో కార్బన్ పావు శాతం కన్నా తక్కువ. లారీ కమాను పట్టీలో సుమారు అర శాతం నుంచి 0.6 శాతం దాకా ఉంటుంది. తేడా చిన్నదే, ఫలితం మాత్రం పెద్దది. పాత కమాను పట్టీ ముక్క దొరికితే కమ్మరులు ఎందుకు దాచిపెట్టుకుంటారో ఇప్పుడు తెలిసింది కదా.

మామూలు వేడిలో ఇనుము పరమాణువుల అమరికలో కార్బన్‌కు చోటు దాదాపు ఉండదు. బాగా ఎర్రగా కాలినప్పుడు ఆ అమరికే మారిపోతుంది. కొత్త అమరికలో కార్బన్ పరమాణువులు హాయిగా ఇమిడిపోతాయి. దీన్ని ఆస్టెనైట్ అంటారు. ఇప్పుడు రెండు దారులున్నాయి.

మెల్లగా చల్లారనిస్తే ఇనుము పాత అమరికకు తిరిగి వస్తుంది. కార్బన్ బయటకు వచ్చి ఇనుముతో కలిసి వేరే పొరలుగా స్థిరపడుతుంది. లోహం మెత్తగా ఉంటుంది.

ఒక్కసారిగా నీళ్లలో ముంచితే కార్బన్‌కు బయటికి వచ్చే సమయం ఉండదు. ఇనుము అమరిక మారాలని చూస్తుంది, మధ్యలో ఇరుక్కున్న కార్బన్ అడ్డు పడుతుంది. ఆ ఒత్తిడిలో అమరిక సాగి, బిగుసుకుపోతుంది. ఈ రూపం పేరు మార్టెన్‌సైట్. చాలా గట్టిది. కానీ గాజులా పెళుసు కూడా.

ఎంత వేడిలో ముంచాలి? ఇక్కడ మరో భౌతికశాస్త్ర విషయం సాయానికి వస్తుంది. 770 డిగ్రీల దగ్గర ఇనుము అయస్కాంతానికి అతుక్కోవడం మానేస్తుంది. దీన్ని క్యూరీ ఉష్ణోగ్రత అంటారు. ఇలాంటి ఉక్కును గట్టిపరచడానికి కావలసిన వేడి దాదాపు దానికి కాస్త పైనే ఉంటుంది. అందుకే కొత్తగా నేర్చుకునేవారు కొలిమి పక్కన ఒక అయస్కాంతం పెట్టుకోవచ్చు. తాతకు దాని అవసరం లేదు. మిరప ఎరుపు చూడగానే గొడ్డలి అంచును నీళ్లలో ముంచాడు. బుస్సుమంది.

పని అక్కడితో అయిపోలేదు. అంచును గీకి మెరిపించి, వెనుక దిమ్మలో మిగిలిన వేడి మెల్లగా ముందుకు పాకేదాకా చూస్తూ కూర్చున్నాడు. మెరిసే ఉక్కు మీద ముందు లేత గడ్డి రంగు కనిపించింది, తర్వాత గోధుమ రంగు, ఆ వెనుక ఊదా. ఊదా రంగు అంచుకు చేరగానే మళ్లీ ముంచాడు.

ఆ రంగులు ఉక్కువి కావు. గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి ఉక్కు మీద ఏర్పడిన పల్చటి పొరవి. సబ్బు బుడగ మీద, రోడ్డు మీద ఒలికిన డీజిల్ మీద కనిపించే రంగుల వెనుక ఉన్న సూత్రమే ఇక్కడా పనిచేస్తుంది. పొర మందం పెరిగే కొద్దీ రంగు మారుతుంది. గడ్డి రంగు 220 నుంచి 230 డిగ్రీలు, గోధుమ 250 దాటాక, ఊదా 270 నుంచి 280, నీలం 300కు దగ్గర. ఆ వేడికి ఇరుక్కున్న కార్బన్‌లో కొంత వదులవుతుంది. గట్టిదనం కాస్త తగ్గి, పెళుసుదనం చాలావరకు పోతుంది. కత్తికి గడ్డి రంగు దగ్గర ఆపొచ్చు. దెబ్బలు తినే గొడ్డలిని ఊదా దాకా పోనివ్వాలి.

చేసి చూడండి

ఇది పెద్దల పర్యవేక్షణలో, కళ్లకు అద్దాలు పెట్టుకుని చేయాల్సిన ప్రయోగం. మూడు పెద్ద కుట్టు సూదులు, ఒక గ్యాస్ స్టవ్ లేదా స్పిరిట్ దీపం, పటకారు, గిన్నెడు నీళ్లు చాలు.

మొదటి సూదిని ఎర్రగా కాల్చి, మంట నుంచి మెల్లగా తీసి, గాలిలో చల్లారనివ్వండి. రెండోదాన్ని ఎర్రగా కాల్చి వెంటనే నీళ్లలో ముంచండి. మూడోదాన్ని కూడా అలాగే ముంచి, తుడిచి, గరుకు కాగితంతో మెరిపించి, మంటకు కాస్త పైన పట్టుకుని నీలం రంగు వచ్చేదాకా మెల్లగా వేడి చేయండి.

మూడూ చల్లారాక పటకారుతో వంచి చూడండి. మొదటిది తీగలా వంగి అలాగే ఉండిపోతుంది. రెండోది టక్కున విరుగుతుంది. మూడోది వంగి, వదిలితే స్ప్రింగులా వెనక్కి వస్తుంది. మూడింటిలోనూ ఉన్నది ఒకే ఉక్కు. తేడా అంతా పరమాణువుల అమరికలోనే ఉంది. కొలిమిలో మళ్లీ మళ్లీ దిద్దుకోగలిగేది ఆ అమరికనే.

కొత్త గొడ్డలి ఖరీదు ఎంత?

అంగడిలో అడిగితే రూపాయల్లో చెబుతారు. మనం జౌళ్లలో లెక్క వేద్దాం.

ఇనుప ఖనిజం నుంచి కొలిమి ఉక్కు దాకా వచ్చే పెద్ద కర్మాగారాల దారిలో, ఒక కిలో ఉక్కుకు 20 నుంచి 25 మెగాజౌళ్ల శక్తి ఖర్చవుతుంది. సుమారు కిలోన్నర ఖనిజం కావాలి. దాదాపు 2 కిలోల కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తుంది. దాన్ని గొడ్డలిగా మలచడం, రవాణా ఖర్చులు వేరు.

ఇప్పుడు తాత చేసిన పని చూద్దాం. ఆయన కాల్చింది అంచు దగ్గరి భాగమే. అది 150 గ్రాములు అనుకుందాం. గది వేడి నుంచి 800 డిగ్రీలకు పైగా పెంచాలి. పాఠ్యపుస్తకంలో ఇనుము విశిష్టోష్ణం కిలోకు డిగ్రీకి 450 జౌళ్లు. వేడి పెరిగే కొద్దీ అది కూడా పెరుగుతుంది కాబట్టి సగటున 650 తీసుకుందాం. గుణిస్తే సుమారు 78,000 జౌళ్లు. కొలిమిలో వేడి చాలావరకు గాలిలో పోతుంది. ఇరవయ్యో వంతే ఇనుముకు చేరిందనుకున్నా, ఒకసారి కాల్చడానికి 1.6 మెగాజౌళ్లు. రెండుసార్లు కాలిస్తే 3 మెగాజౌళ్ల పైచిలుకు. కిలో బొగ్గులు కాలిస్తే సుమారు 30 మెగాజౌళ్లు వస్తాయి కాబట్టి, ఈ పనికి 100 గ్రాముల బొగ్గులు సరిపోతాయి.

కొలిమిని ఎంత దుబారాగా లెక్కగట్టినా, కొత్త ఉక్కుకయ్యే శక్తిలో ఏడో వంతు. ఖనిజం అయితే అసలు అక్కర్లేదు.

ఈ లెక్కకు బస్తర్‌లో మరో అర్థం ఉంది. బైలాడిలా కొండలు ఇక్కడివే. ఎద్దు మూపురంలా కనిపిస్తాయని వాటికి ఆ పేరు. 1968 నుంచి ఎన్ఎండీసీ అక్కడ ఇనుప ఖనిజం తవ్వుతోంది. కిరందుల్ నుంచి కొత్తవలస దాకా, దాదాపు 450 కిలోమీటర్ల రైలు మార్గంలో తూర్పు కనుమలు దాటి ఆ ఖనిజం విశాఖపట్నం తీరానికి చేరుతుంది. ఈ కొండ నుంచి ఎర్రమట్టిలా వెళ్లిన ఇనుము, ఎక్కడెక్కడో కరిగి, రేకై, కమానై, ఏదో ఒకరోజు లారీ కింద ఈ దారినే తిరిగి వస్తుంది. ఆ కమాను విరిగితే మద్దేడ్ కొలిమిలో గొడ్డలి అవుతుంది. కొండ తవ్వితే అడవి, వాగు, ఊరు ఏమవుతాయో ఇక్కడివారికి ఎవరూ చెప్పనక్కర్లేదు. ఒక గొడ్డలి ఇంకో పదేళ్లు బతికితే, ఆ మేరకు కొండ కూడా మిగులుతుంది.

కరిగించడం ఆఖరి మెట్టు

"పాత ఇనుము సామాన్ల వాడికి వేస్తే కరిగించి మళ్లీ వాడతారు కదా, అది చాలదా?" అని అడగొచ్చు. మంచిదే. కానీ పాత వస్తువును కాపాడడంలో మెట్లు ఉన్నాయి.

మొదటి మెట్టు పదును పెట్టడం. ఆకారం, పదార్థం రెండూ నిలుస్తాయి. రెండో మెట్టు అంచు సాగదీయడం, లేదా కొత్త ఉక్కు ముక్క అతకడం. అతికేటప్పుడు కమ్మరులు ఇసుక చల్లడం చూసే ఉంటారు. ఇనుము మీది తుప్పు పొర ఆ ఇసుకతో కలిసి కరిగి జారిపోతుంది, శుభ్రమైన లోహం లోహాన్ని అంటుకుంటుంది. మూడో మెట్టు రూపం మార్చడం. కమాను గొడ్డలి అవుతుంది, అరిగిన గొడ్డలి చిన్న కత్తి అవుతుంది. ఆఖరి మెట్టు కరిగించడం. అక్కడ పదార్థం ఒక్కటే మిగులుతుంది, అప్పటిదాకా దాని మీద చేసిన పనంతా పోతుంది.

అలాగని కరిగించడం చిన్న విద్యేమీ కాదు. బస్తర్‌లోని ఘడ్వా కళాకారులు, ఆదిలాబాద్ ఓజా కళాకారులు పాత ఇత్తడి సామాన్లు కరిగించి, మైనపు బొమ్మ చుట్టూ మట్టి పూసి చేసిన అచ్చులో పోసి డోక్రా బొమ్మలు చేస్తారు. మొహెంజొదారో నర్తకి బొమ్మ పోతపోసిన పద్ధతీ ఇదే. ఆదిలాబాద్ డోక్రాకు 2018లో భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. చిల్లుపడిన బిందె బొమ్మగా మారడం గొప్ప సంగతే. కానీ చిల్లుకు మాటు వేస్తే సరిపోయేచోట బిందెను కరిగించాల్సిన పని లేదు.

బాగు చేయడం ఎవరికి లాభం?

మన పల్లెల్లో ఒకప్పుడు కమ్మరికి పనికింతని కాకుండా, పంట చేతికొచ్చాక గింజల్లో కొలిచి ఇచ్చేవారు. దాన్ని మేర అనేవారు. ఆ పద్ధతిలో కులం కట్టుబాట్లున్నాయి, అన్యాయాలూ ఉన్నాయి. కరువొస్తే కమ్మరి ఇంటికి గింజ చేరేది కాదు. దాన్ని వెనక్కి తెచ్చుకోవాలని ఎవరూ అనరు. కానీ అందులో గమనించాల్సిన సంగతి ఒకటుంది. ఏడాదికి ఇంతని ముందే తేలిపోతే, పనిముట్టు ఎంత ఎక్కువ కాలం నిలిస్తే కమ్మరికి అంత పని తగ్గుతుంది. అంటే గట్టిగా చేయడం ఆయనకే లాభం.

నేటి దుకాణంలో లెక్క తారుమారైంది. వస్తువు ఎంత త్వరగా పోతే అమ్మేవారికి అంత లాభం. పోయిన ఏడాది నా ఫోను బ్యాటరీ ఉబ్బింది. మిగతా ఫోను బంగారంలా ఉంది. బాగుచేసే చోట చూపిస్తే, "జిగురుతో అతికి ఉంది, తీస్తే తెర పగలొచ్చు, కొత్తది తీసుకోండి" అన్నారు. ఆ గొడ్డలిలాగే నా ఫోనులోనూ పోయింది ఒక్క భాగమే. గొడ్డలికి, ఫోనుకు తేడా ఎక్కడుంది? కర్రను గొడ్డలి నుంచి ఊడదీయొచ్చు. బ్యాటరీని ఫోను నుంచి ఊడదీయలేం. బాగుపడే గుణం వస్తువుకు దానంతటదే రాదు. తయారుచేసేటప్పుడే పెట్టాలి.

ప్రపంచమంతా కలిపి 2022లో 6 కోట్ల 20 లక్షల టన్నుల ఎలక్ట్రానిక్ చెత్త పోగైందని ఐక్యరాజ్యసమితి సంస్థల నివేదిక చెబుతోంది. అందులో సరైన పద్ధతిలో సేకరించి రీసైకిల్ చేసినట్టు లెక్కకు వచ్చింది 22.3 శాతమే.

ఈ పరిస్థితి మార్చడానికి చట్టాలు కదులుతున్నాయి. ఫోన్లు, ల్యాప్‌టాప్‌ల వంటి వస్తువుల మీద ఎంత సులువుగా బాగు చేయొచ్చో పదికి మార్కులు వేసి చూపాలని ఫ్రాన్స్ 2021 జనవరి నుంచి నియమం పెట్టింది. ఐరోపా సమాఖ్య 2024లో మరమ్మతు హక్కు మీద ఆదేశం తెచ్చింది. మన దేశంలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జులైలో దీనిపై కమిటీ వేసి, అదే ఏడాది డిసెంబరు 24న మరమ్మతు హక్కు పోర్టల్ ప్రారంభించింది. వ్యవసాయ పరికరాలు, మొబైల్ ఫోన్లు, గృహోపకరణాలు, వాహనాలు ఈ నాలుగూ దాని పరిధిలో ఉన్నాయి. కొనే ముందు విడిభాగాలు దొరుకుతాయా, వారంటీ ఏమిటి, ఎవరు బాగు చేస్తారు అని చూసుకోవడం మనం చేయగలిగిన పని.

అన్నీ బాగు చేయించాలా?

అక్కర్లేదు. ఇక్కడా లెక్కే చెప్పాలి. గొడ్డలి, కొడవలి, కుర్చీ, బిందె వాడుతున్నప్పుడు కరెంటు తాగవు. వాటి ఖర్చంతా తయారీలోనే అయిపోయింది. బాగు చేయించినంత కాలం లాభమే. ఫోను కూడా దాదాపు అంతే. దాని వల్ల వెలువడే కర్బన ఉద్గారాల్లో ఎక్కువ భాగం తయారీలోనివే.

సీలింగ్ ఫ్యాను సంగతి వేరు. మెల్లగా తిరుగుతోందంటే చాలాసార్లు పోయేది కెపాసిటర్ ఒక్కటే. కొద్ది డబ్బుతో కొత్తది వేస్తే పాత వేగం వస్తుంది. దాని కోసం ఫ్యాను పారేయక్కర్లేదు. అయితే పాత ఫ్యాను 75 వాట్లు తీసుకుంటే, కొత్తరకం బీఎల్‌డీసీ ఫ్యాను సుమారు 30 వాట్లతో తిరుగుతుంది. రోజుకు 12 గంటలు వాడితే అర యూనిట్ పైన మిగులు. వైండింగ్ కాలిపోయినప్పుడు ఏది మేలో ఈ రెండు అంకెలు పెట్టుకుని ఎవరికి వారు తేల్చుకోవచ్చు. తయారీ ఖర్చు ఎక్కువా, వాడకం ఖర్చు ఎక్కువా? ప్రశ్న అదొక్కటే.

కొలిమి దగ్గర కూర్చునేవారు

గొడ్డలి చల్లారింది. పెద్దావిడ బొటనవేలితో అంచు తడిమి చూసి, డబ్బులిచ్చి, దాన్ని భుజాన వేసుకుని వెళ్లిపోయింది. ఆవిడకు మార్టెన్‌సైట్ పేరు తెలియదు. తాతకూ తెలియదు. కానీ ఊదా రంగు దగ్గర ఆపాలని ఆయనకు తెలుసు. చూపు ఒక్క క్షణం తప్పితే గొడ్డలి మెత్తబడుతుందనీ తెలుసు.

"ఇది ఇంకెవరికైనా వచ్చా తాతా?" అని అడిగాను.

"కొడుకు వెల్డింగ్ షాపుల పని చేస్తడు. అతకనీకి వస్తది వానికి. నీళ్లు పట్టనీకి రాదు."

ఆ మాటలో శాస్త్రం ఉంది. వెల్డింగ్ వేడికి అతుకు చుట్టూ ఉన్న ఉక్కు అమరిక చెదిరిపోతుంది. దాన్ని మళ్లీ కాల్చి, ముంచి, రంగు చూసి దిద్దకపోతే అతుకు నిలిచినా పక్కన విరుగుతుంది. వెల్డింగ్ తెలిసిన కొడుక్కి తండ్రి కంటిచూపు కూడా అబ్బితే, అతను ఇద్దరి కన్నా మంచి పనివాడవుతాడు.

ఒక వస్తువు బాగుపడాలంటే మూడు కావాలి. మళ్లీ మలచగలిగే పదార్థం, విప్పగలిగే కూర్పు, తెలిసిన మనిషి. మొదటిది గనుల నుంచి వస్తుంది. రెండోది చట్టంతో తేవచ్చు. మూడోది మాత్రం పక్కన కూర్చుని చూస్తేనే వస్తుంది. మీ ఊళ్లో కొలిమి, గడియారాల కొట్టు, రేడియో బాగుచేసే బల్ల ఇంకా మిగిలి ఉంటే, ఈసారి వస్తువు ఇచ్చి వచ్చేయకండి. కాసేపు కూర్చుని, ఏం చేస్తున్నారో అడగండి. బడి పిల్లలుంటే వెంట తీసుకెళ్లండి.

నేను లేచేసరికి ఇంకొకరు రెండు కొడవళ్లు తెచ్చి కింద పెట్టారు. తాత గోనెపట్టా సరిచేసుకుని మళ్లీ బొగ్గులు ఎగదోశాడు.